సూర్యాపేట కుట్టు

పోయిన వారం మా కోడలు హైదరాబాద్‌లో ఏదో ఎగ్జిబిషన్‌కు వెళ్లి ఒక సంచి కొనుక్కొచ్చింది. ముదురాకుపచ్చ రంగు, మోటు గుడ్డ, అక్కడక్కడ నూనె మరకల్లాంటి మచ్చలు. "అత్తమ్మా, ఇది పాత లారీ టార్పాలిన్‌తోటి చేసిందంట. అందుకే ఇంత రేటు" అని సంబరంగా చూపించింది. సంచికి వేలాడుతున్న అట్టముక్క మీద కూడా అదే మాట బంగారు రంగు అక్షరాలతో అచ్చేశారు. ఆ గుడ్డ ఎన్ని వానలకు తడిసిందో, ఎన్ని ఎండలకు ఎండిందో గొప్పగా చెప్పుకున్నారు.

"బాగుందమ్మా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు. చాయ్ గ్లాసు అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాను. పాపం, ధర విని నాకు కోపం వచ్చిందనుకుంది ఆ పిల్ల. కోపం వచ్చిన మాట నిజమే. అది ధర మీద కాదు, ఆమె మీద అసలే కాదు. ఎవరి మీదో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మా నాయన సూర్యాపేటలో, విజయవాడ పోయే రోడ్డు పక్కన, లారీ సీట్లు కుట్టే షాపులో పనిచేసేవాడు. అప్పట్లో లారీ కొంటే డ్రైవరు కూర్చునే భాగం ఉత్త రేకుల గూడులా వచ్చేది. సీట్లు, తలుపుల లోపలి మెత్తలు, కిటికీ పరదాలు, అద్దం పైన వేలాడే నల్ల కుచ్చులు అన్నీ ఇలాంటి షాపుల్లోనే కుట్టించుకోవాలి. నాయన ఇంటికి వస్తుంటే ఆయనకంటే ముందు ఆయన వాసన వచ్చేది. కొత్త రెగ్జిన్ వాసన, డీజిల్ వాసన, అన్నిటికంటే ఘాటుగా ముక్కలు అతికించే సొల్యూషన్ వాసన. ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆ వేళ్ల నుంచి పచ్చిపులుసులోకి కూడా దిగుతుందని అమ్మ గొణిగేది. నాకు మాత్రం ఆ వాసన ఇష్టం. సొల్యూషన్ వేళ్లకు పూసుకుని, ఆరనిచ్చి, పొరలు పొరలుగా ఒలుచుకోవడం నా ఎండాకాలపు సెలవుల ఆట.

మధ్యాహ్నం నాయనకు సద్ది తీసుకుపోయే పని ఎవరూ చెప్పకుండానే నేను పెట్టుకునేదాన్ని. ఆయన తినేలోపు మిషన్ల కింద ఊడ్చిపెట్టిన కుప్పలోంచి రెగ్జిన్ ముక్కలు ఏరుకోవచ్చు. ఎర్రవి, కాఫీరంగువి, వెన్నరంగువి, మీద చిన్న చిన్న గళ్లు అచ్చు ఉన్నవి. ఎలాగూ పారేసేవే కాబట్టి ఓనరు ఏమీ అనేవాడు కాదు. ఒకసారి సొల్యూషన్ డబ్బా అడుగు గీకి తెచ్చి, మోతె నుంచి వచ్చిన అమ్మమ్మ తమలపాకుల సంచి మూతిని అతికించేశాను. ఆమె దాన్ని పళ్లతో లాగుతూ "ఎవ్వతి పనే ఇది, దీని చేతులిరగ" అని తిడుతుంటే నేనూ చిన్నమ్మా తలుపు చాటున నోళ్లు మూసుకుని నవ్వాం.

చిన్నమ్మ అంటే అమ్మకు ఆఖరి చెల్లెలు. నల్గొండలో టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి, ఉద్యోగం దొరికేదాకా అని మా ఇంట్లో ఉండేది. ఆమెకు ఏ వస్తువు చూసినా అది ఇంకొకటిగా కనపడేది. పగిలిన చేతిగాజుల ముక్కలను కొవ్వొత్తి మంట మీద వంచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి గొలుసులు చేసి గుమ్మానికి కట్టింది. పాత పెళ్లిపత్రికలను సన్నగా కోసి, పూసల్లా చుట్టి, వంటింటికి పరదా అల్లింది. చిరిగిపోయిన అమ్మ వాయిల్ చీరను రంగులో ముంచి, చిరుగు ఉన్నచోట పాత రైక అంచు కుట్టి కట్టుకుంటే వీధిలో ఆడవాళ్లు ఆపి మరీ అడిగేవాళ్లు. "మా అక్క పొయ్యిగుడ్డకు పెట్టిన చీర" అని చెప్పి పకపకా నవ్వేది.

ఆమెకు ఈ ఆలోచనలు ఎక్కడి నుంచి వచ్చేవంటే, రోడ్డు మీద నుంచి. హైదరాబాద్‌కూ విజయవాడకూ మధ్య తిరిగే బస్సులన్నీ మా ఊళ్లో హోటళ్ల దగ్గర ఆగేవి. సాయంత్రం పూట మేమిద్దరం అక్కడికి పోయి నిలబడేవాళ్లం. మిర్చిబజ్జీల నూనె వాసనలో, డ్రైవర్ల కేకల మధ్య, బస్సుల్లోంచి పట్నం ఆడవాళ్లు దిగేవాళ్లు. జాకెట్ మెడ ఎంత లోతుగా కోశారు, చెప్పు పట్టీ ఎటు తిప్పారు, చేతిసంచికి పిడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, వాళ్లు చాయ్ తాగి బస్సెక్కేలోపు అంతా చూసెయ్యాలి. చిన్నమ్మ అటూ ఇటూ తిరిగి చూసేది. "నువ్వు ముందుకెల్లి సూడు, నేను ఎనకకెల్లి సూస్త" అని నాకు పని పంచేది. ఇంటికి రాగానే చూసిందంతా వాకిట్లో పుల్లతో గీసేవాళ్లం.

ఒకరోజు బస్సు దిగినామె చేతిలో అసలు మరచిపోలేని సంచి ఒకటి కనపడింది. కాఫీరంగు, చుట్టూ వెన్నరంగు గీత, పిడికి ఇత్తడి రింగులు. చిన్నమ్మ దగ్గరదగ్గరగా పోయి వంగి చూస్తుంటే ఆమె సంచిని గుండెలకు హత్తుకుంది. "ఏయ్, ఏంటలా ఎగబడి చూస్తున్నారు? పొండి అవతలికి!" హోటల్లో అందరూ మా వంక తిరిగారు.

ఇంటి దాకా చిన్నమ్మ ఉడికిపోతూ నడిచింది. "దొంగలమనుకున్నదే! దాని సంచి ఎవలికి గావాలె? ఆ మూల ఎట్ల మలిపిన్రో సూస్తున్న. గంతే. చివరికి ఆ మూలనే సూడనియ్యలే!"

అదే రోజుల్లో కోదాడలో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచర్లు కావాలంటున్నారని తెలిసింది. కలవడానికి రమ్మని కబురు కూడా వచ్చింది. రంగు ముంచిన చీర ఉంది. చెప్పులకు కొత్త పట్టీలు వేసుకుంది. సర్టిఫికెట్లు దేంట్లో పెట్టుకుపోవాలి?

"వైరు బుట్ట ఉన్నది గద, దాంట్ల పెట్టుకొని పో" అంది అమ్మ.

"వైరు బుట్టల కూరగాయలు తెస్తరక్కా! టీచరు గట్ల పోతే ఆయమ్మ అనుకుంటరు."

నేను ఏరి దాచిన ముక్కల మూట విప్పాను. కాఫీరంగు ముక్క ఒకటి, సీటు వీపు భాగం కోయగా మిగిలింది, వెడల్పుగా ఉంది. చిన్నమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసింది. ఆమె కళ్లలో సంచి అప్పుడే తయారైపోయింది.

చేతుల్లో మాత్రం కాలేదు. అమ్మ చేతిమిషను మీద పెట్టి చక్రం తిప్పగానే టక్కున సూది విరిగింది. రెగ్జిన్ జారాలని కొబ్బరినూనె రాస్తే దారమంతా నూనె పీల్చుకుని ముడులు పడింది, ఇంకో సూదీ విరిగింది. అమ్మ వచ్చి మిషను మీద గుడ్డ కప్పేసింది. "రైకలు కుట్టే మిషన్ అది! లారీలు కుట్టేటందుకు తెచ్చిననుకున్నరా?"

కుట్టు కాకపోతే అతుకు అనుకున్నాం. సొల్యూషన్ పూసి, మీద రోలు బరువు పెట్టి ఆరబెట్టాం. పొద్దున చూస్తే ఎంత ముద్దుగా ఉందో. పట్టుకుని వీధి చివరిదాకా పోయి వద్దామని ఎండలోకి దిగామో లేదో, కందికాయ పగిలినట్టు సంచి రెండువైపులా నోరు తెరిచింది. చిన్నమ్మ దాన్ని గోడకేసి కొట్టి అరుగు మీద కూర్చుని ఏడ్చింది. "నా బుర్రల ఎంత సక్కగ కనపడుతదే! చేతికొచ్చేసరికి గిట్ల తగలబడుతది. తగలబడుతనే ఉంటది!" ఆ మాట తర్వాత నా బతుకులో నేనెన్నిసార్లు అనుకున్నానో.

నాయనను అడగడానికి ఆమెకు మొహమాటం. పగలంతా వంగి సీట్లు కుట్టి, ఇంటికొచ్చి నడుము పట్టుకుని కూర్చునే మనిషి. చివరికి నేనే అడిగాను.

నాయన నోరు తెరిచిన సంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి పెద్ద మిషన్ గావాలె బిడ్డా. ఓనరు ఊకుంటడా?" అన్నాడు. సంచి లోపల తడిమి "లోపలికి అస్తరు ఏమేస్తరు? ఉత్త రెగ్జిన్ అయితే కాయితాలకు అంటుకుంటది" అన్నాడు. ఆ రెండో మాటతో ఒప్పుకున్నాడని మాకర్థమైంది.

అస్తరు గుడ్డ కోసం మిర్యాలగూడ పోయాం. అక్కడ మా పెద్దమ్మ వాళ్లాయనకు రైస్ మిల్లులో పని. సన్నబియ్యం నింపే తెల్లగుడ్డ సంచులు చిరిగినవి వాళ్లింట్లో పొయ్యిగుడ్డలుగా వాడేవాళ్లు. మిల్లు పేరు, నాగలి బొమ్మ మార్కు నీలిరంగులో అచ్చు వేసి ఉండేవి. సోడా వేసి ఉడకబెట్టి, బండకేసి బాది, తీగ మీద ఆరేస్తే, మిల్లు గొట్టంలోంచి ఊకబూడిద వచ్చి వాటి మీద నల్లగా రాలింది. మళ్లీ ఉతికాం. మళ్లీ రాలింది. ఊరంతా ఉడికిన వడ్ల వాసన, మా తలల నిండా బూడిద. "ఈ ఊర్ల తెల్లగుడ్డ ఎవ్వలు కడుతరక్కా!" అని చిన్నమ్మ పెద్దమ్మ మీద విసుక్కుంటే, "మేం కట్టుకుంటలేమా? దులుపుకుంటం, కట్టుకుంటం" అని ఆమె వేడివేడి తపాలచెక్క విరిచి మా చేతుల్లో పెట్టింది. నీలి అక్షరాలు మాత్రం పూర్తిగా పోలేదు. నీడలా మిగిలాయి. సంచి లోపల చీకట్లో ఎవరికి కనపడతాయిలే అనుకున్నాం.

ఓనరు అన్నం తినడానికి ఇంటికి పోయినప్పుడు నాయన కుట్టాడు. మేమిద్దరం మిషనుకు చెరోవైపు నిలబడ్డాం. పెద్ద మిషను లారీ నడిచినట్టే చప్పుడు చేస్తూ రెగ్జిన్‌ను మింగుతూ పోయింది. చుట్టూ వెన్నరంగు పైపింగు వేసి, మూలలు గుండ్రంగా మలిపాడు. చింతపండుతో తోమిన పరదా రింగులు పిడికి తగిలించాడు. అంతా అయ్యాక తలెత్తి ఆశగా అడిగాడు.

"కింద కుచ్చులు ఏద్దునా? నల్లయి ఉన్నయి, మంచిగ ఊగుతయి."

"వద్దు బావా! లారీ కాదది!" అని చిన్నమ్మ అరిచింది. నాయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

కోదాడకు చిన్నమ్మతో పాటు నేనూ పోయాను. స్కూలు కరస్పాండెంట్ గారి భార్యే టీచర్లను చూసి తీసుకునేది. అందరూ మేడమ్ అనేవాళ్లు. ఆమెది కృష్ణా జిల్లా వైపు మాట. సర్టిఫికెట్లు చూసింది, రెండు ప్రశ్నలు అడిగింది. ఆమె కళ్లు మాటిమాటికీ చిన్నమ్మ ఒళ్లోని సంచి మీదికే పోతున్నాయి.

"బ్యాగు భలే ఉందమ్మాయ్! ఎక్కడ కొన్నావు?"

నేను నోరు తెరిచాను. చిన్నమ్మ నా తొడ మీద గట్టిగా గిచ్చింది.

"హైదరాబాద్‌లండీ" అంది.

"నేను అనుకుంటూనే ఉన్నాను. ఈ చుట్టుపక్కల ఇంత నాజూకు పని ఎవరు చేస్తారు? ఈసారి వెళ్లినప్పుడు నాకూ ఒకటి పట్టుకురా." ఆ మాటలోనే ఉద్యోగం వచ్చినట్టు కూడా తెలిసింది.

బస్సులో నేను ముఖం తిప్పుకుని కూర్చున్నాను. ఆమె కొనిచ్చిన పల్లీల పొట్లం ముట్టుకోలేదు.

"ఎందుకు అబద్ధం ఆడినవ్ సిన్నమ్మా? నాయన కుట్టిండని చెప్తె ఏమాయె?"

"లారీ సీటు ముక్కలమ్మా, మా బావ కుట్టిండు అని చెప్తె ఆమె ఉద్యోగం ఇస్తదానే? నీకు తెల్వదు, ఊకో."

"మన వీధిల అందరికి చెప్తవు గద, పొయ్యిగుడ్డ అని!"

"మన వీధి వేరు" అంది. పల్లీల పొట్లం తీసి తన సంచిలో వేసుకుంది.

ఇంట్లో ఈ సంగతి విని నాయన నవ్వాడు. "హైదరాబాద్ అన్నదా? గంత మంచిగుందా?" అని రెండుసార్లు అడిగాడు. మేడమ్‌కు ఇంకో సంచి కుట్టాల్సి వచ్చింది. ఆమెది చూసి ఇంకో టీచరు అడిగింది, ఆ టీచరుది చూసి మరొకామె. స్కూలు తెరిచాక, ఓనరు షాపుకు రాని ఆదివారాలన్నీ మాకు సంచుల్లోనే పోయాయి. ఎవరికీ కాదని చెప్పలేదు చిన్నమ్మ. చెబితే అనుమానం వస్తుందని భయం. ఎక్కువ ధర చెప్పాలన్నా భయమే. జిప్పుకూ దారానికీ సరిపోయేంత చెప్పి ఊరుకునేది. నాయన చేతికష్టం దాంట్లో ఎక్కడా లేదు.

అబద్ధం మాకు చాకిరీ పెంచింది. "నాకూ ఆకుపచ్చదే కావాలి" అని ఒకామె అంటే, ఆ రంగు సీటు కుట్టించుకునే లారీ వచ్చేదాకా మేం ఆగాలి. "హైదరాబాద్‌ల ఒక్కో రంగు ఒక్కటే వస్తదండి" అని చిన్నమ్మ అక్కడ చెప్పేది. ఇక్కడ నేను రోజూ కుప్పలో వెతికేదాన్ని. అమ్మ రోజూ ఒకటే మాట: "ఇల్లంత సొల్యూషన్ కంపు. మీ హైదరాబాద్ ఏందో గని నా అన్నం కుండ రెగ్జిన్ వాసనొస్తున్నది." నాయన మాత్రం విసుక్కుంటూనే ప్రతి సంచికీ ఏదో ఒకటి కొత్తగా చేసేవాడు. ఒకదానికి పైన మడత, ఒకదానికి పక్కన చిన్న జేబు. లారీ సీట్లకు డ్రైవర్లు ఏది చెబితే అదే కుట్టాలి. ఇక్కడ ఆయనకు నచ్చింది ఆయన కుట్టుకోవచ్చు. ఆ సంతోషం నేను చూశాను. అందుకే నాకు ఇంకా మండేది. కోదాడలో అంతమంది చేతుల్లో ఆయన పని తిరుగుతోంది, ఒక్కరికీ ఆయన ఉన్నట్టే తెలియదు.

తొందరలో గుడ్డలు మునుపటంత సేపు ఉడకబెట్టడం మానేశాం.

చలికాలంలో స్కూలు వార్షికోత్సవం వచ్చింది. పిల్లల నాట్యానికి కిరీటాలు, భుజకీర్తులు అన్నీ చిన్నమ్మే చేసింది. అట్టలు, సిగరెట్టు పెట్టెల్లోని వెండికాగితాలు, ఊడిపోయిన పూసలు. వాటిని అట్టపెట్టెలో సర్ది నన్ను తోడు తీసుకుపోయింది. టీచర్ల గదిలో అందరూ పట్టుచీరల్లో ఉన్నారు. బల్ల మీద వరసగా మా సంచులు. నేను లోలోపల ఒక్కొక్కదాన్నీ గుర్తుపడుతున్నాను: అది తెల్లలారీది, ఇది ఇసుక లారీది.

హిందీ టీచరమ్మ సంచి జిప్పులో చేతిరుమాలు ఇరుక్కుంది. ఆమెది మిర్యాలగూడే, వాళ్ల నాన్నది బియ్యం వ్యాపారం. లాగీ లాగీ చివరికి సంచిలోవన్నీ బల్ల మీద కుమ్మరించి, దాన్ని తిరగదీసింది. కిటికీ ఎండ నేరుగా అస్తరు మీద పడింది.

"అయ్యో, గిదేంది? ఇది మా ఊరి మిల్లు మార్కు గదా! నాగలి బొమ్మ... చూడున్రి, మిర్యాలగూడ అని కూడ ఉన్నది." ఆమె నవ్వుతూనే అంది, చెడ్డగా కాదు. "హైదరాబాద్ షాపోళ్లు మా బియ్యం సంచులు తీస్కపోతున్నరేందమ్మా?"

అంతే, అందరూ తమ తమ సంచులు తిరగేశారు. మేడమ్ కూడా. ఆమె దాంట్లో నీలంగా, స్పష్టంగా "నికర బరువు" అని ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

చిన్నమ్మ కిరీటాలు సర్దుతూ తలెత్తలేదు. మెడ వెనక దాకా ఎర్రబడింది. ఆమె ఏదో ఒకటి చెబుతుందని చూశాను. చెప్పలేదు. అన్ని నెలలుగా ఆపుకున్న మాట బయటికొచ్చేసింది.

"హైదరాబాద్‌ల కొన్నయి కాదు. మేమే చేసినం. మా నాయన కుట్టిండు. ముక్కలు నేనే ఏరిన."

"ఏం ముక్కలే?" అని ఎవరో అడిగారు.

"లారీ సీట్లయి."

ఒళ్లో సంచి పెట్టుకున్న ఒకామె దాన్ని తీసి నేల మీద పెట్టింది. అప్పటిదాకా పిడికి పువ్వు కట్టుకుని మరీ తిప్పిన మనిషి. మేడమ్ తన సంచిలోని తాళాలు, అద్దం, దువ్వెన ఒక్కొక్కటిగా బయటికి తీసింది.

"ముందే చెబితే మా పనమ్మాయికి ఇప్పించేదాన్ని కదమ్మాయ్! ఇన్నాళ్లూ నేనెందుకు మోశానూ!"

ఆ మాట గట్టిగా కూడా అనలేదు. పాలవాడికి రేపు రావద్దని చెప్పినంత మామూలుగా అంది.

ఆ సాయంత్రం వేదిక మీద వెండికాగితాల కిరీటాలు దీపాల కింద ధగధగలాడాయి. జనం చప్పట్లు కొట్టారు. మైకులో మేడమ్ "మా టీచర్ల సృజన చూడండి, పైసా ఖర్చు లేకుండా!" అని చెప్పింది. పిల్లల తల మీద సిగరెట్టు కాగితం సృజన అయింది, తన చేతిలో రెగ్జిన్ ముక్క కాలేకపోయింది. ఇది నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

తిరిగిచ్చేసిన సంచులన్నీ కిరీటాలు తెచ్చిన అట్టపెట్టెలో వేసుకుని బస్సెక్కాం.

"కొడ్తవా?" అని అడిగాను.

"ఎందుకు కొట్టాలె? నిజమే గద చెప్పినవ్" అంది. మునగాల దాటాక తనలో తాను అనుకున్నట్టు అంది: "మొదలే చెప్తె గొప్పయితుండెనో ఏమో. ఇప్పుడు చెప్తె దొంగతనం దొరికినట్టయింది."

సోమవారం పొద్దున ఆమె తన సంచి తెచ్చి నాయన ముందు పడేసింది. "బావా, దీన్ని తిరగేసి కుట్టు. అక్షరాలే పైకి రానీ. నాగలి బొమ్మ పైకి రానీ. అందరు సదువుకోనీ!"

నాయన సంచి చేతిలోకి తీసుకుని అంచు వెంట బొటనవేలు నడిపించాడు. "నా కుట్టు లోపలికి పోతది గదా" అన్నాడు.

చిన్నమ్మ ఆ సంగతి ఆలోచించలేదు. సంచి తీసుకుని, ఎలా ఉన్నది అలాగే భుజాన వేసుకుని బస్సుకు పోయింది. పిడి తెగేదాకా అదే మోసింది. ఎవరూ ఏమీ అనలేదట. ఎవరూ ఏమీ అడగనూ లేదట. ఉద్యోగం పోలేదు, మేడమ్ జీతం ఆపలేదు, లోకం మునగలేదు. మా ఇంట్లో ఒక సంచిలో ఎండుమిరపకాయలు, ఒకదాంట్లో నాయన కత్తెరలు చేరాయి. మిగిలినవి అమ్మ ఎవరెవరికో ఇచ్చేసింది.

కొన్నేళ్లకు చిన్నమ్మకు త్రిపురారం దగ్గర సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇల్లు కట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె చేత్తో చేసిన వస్తువు ఒక్కటి కూడా లేదు. నా పెళ్లికి గుమ్మానికి గాజుల గొలుసులు చేసిపెట్టమని అడిగితే "షాపుల దొరుకుతయి గదనే, ఎవ్వలు కూసుంటరు" అంది. ఆ మాట నాకు మేడమ్ మాటకంటే ఎక్కువ గుచ్చుకుంది. నేను కూడా నేర్చుకున్నది లేదు. పెద్ద మిషను మీద కూర్చుంటానంటే నాయన ఒప్పుకోలేదు. "సదువుకో బిడ్డా, ఈ వాసన నీకొద్దు" అనేవాడు. చదువుకున్నాను, ఆఫీసులో గుమస్తానయ్యాను. అరలు ఊడిన పాత బీరువా చూసినా, చిరిగిన గొడుగు చూసినా అది ఇంకేదో అవుతుందని ఇప్పటికీ కనపడుతుంది. చేతులు కదలవు. ఎలా మొదలుపెట్టాలో తెలియదు.

రోడ్డు వెడల్పయింది. బస్సులు ఊరి బయటి నుంచే పోవడం మొదలైంది. లారీలు సీట్లతో సహా తయారై రాసాగాయి. నాయన పనిచేసే షాపు మూతపడ్డాక ఆయన ఒక వరండా కిరాయికి తీసుకుని మోటారుసైకిళ్ల సీటు కవర్లు కుట్టుకునేవాడు. అప్పటికి చూపు తగ్గింది. ఆఫీసుకు సెలవైన రోజుల్లో నేను వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం, చేస్తున్న పని ఆపకుండానే, నిన్న జరిగిన సంగతి మాట్లాడుతున్నట్టు అడిగాడు.

"బిడ్డా, ఆ కోదాడ సంచులు... నిజంగ మంచిగుండెనా?"

అన్నేళ్లుగా ఆ ప్రశ్న ఆయనలో ఉందని నాకు తెలియదు.

"మంచిగుండె నాయనా. శాన మంచిగుండె. అందరు మెచ్చుకున్నరు గద."

"వాళ్లు మెచ్చింది హైదరాబాద్‌ను. తర్వాత నవ్వింది లారీ ముక్కలను చూసి" అన్నాడు నాయన. "నా పనిని ఏమన్నరని అడుగుతున్న."

"నేను చెప్తున్న గద నాయనా. మంచిగుండె."

ఆయన సూదిలో దారం ఎక్కించబోయి, కనపడక, సూది నా చేతికిచ్చాడు. "నువ్వు నా బిడ్డవు. నువ్వు గట్లనే చెప్తవ్" అన్నాడు.

దారం ఎక్కించి ఇచ్చాను. ఆయన పోయి చాలా కాలమైంది. నా కోడలి సంచి మీది బంగారు అక్షరాల్లోనూ గుడ్డ సంగతే ఉంది, కుట్టిన మనిషి పేరు లేదు.